పాత థీఫ్‌కి ఏ ప్యాచ్, ఏ మాడ్? చీకటి చెడకుండా ఎంచుకోవడం ఎలా

1998 నవంబరులో వచ్చిన, చీకట్లో నక్కి దొంగతనం చేసే కంప్యూటర్ ఆట థీఫ్: ద డార్క్ ప్రాజెక్ట్ పాత సీడీ ఎవరి దగ్గరైనా ఉంటే, దాన్ని ఇప్పటి విండోస్‌లో ఉన్నదున్నట్టు ఇన్‌స్టాల్ చేసి చూడండి. మొదలైతే అదృష్టమే. మొదలైనా, ఒకటికి మించి కోర్‌లున్న ప్రాసెసర్ మీద అది ఎప్పుడు కూలబడుతుందో చెప్పలేం. మిషన్‌కి ముందు వచ్చే వీడియోలు పాత కోడెక్ దొరక్క నడవవు. వెడల్పు తెర మీద బొమ్మ సాగిపోతుంది. 16 బిట్ రంగుల వల్ల నీడల అంచులు మెత్తగా కలిసిపోకుండా మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. చప్పుడు మీద నడిచే ఈ ఆటలో శబ్దమే చప్పగా మారిపోతుంది.

దీనికి మందు కోసం, అంటే తప్పుల్ని సరిచేసే ప్యాచ్‌ల కోసం, అభిమానులు ఆటని మార్చి చేసిన మాడ్‌ల కోసం వెతికితే పది పేర్లు ఒకేసారి మీద పడతాయి: న్యూడార్క్, టీఫిక్స్, హెచ్‌డీ టెక్స్చర్లు (గోడలకీ నేలకీ అతికించే బొమ్మలు), ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్, ఫ్యాన్ మిషన్లు, ద డార్క్ మాడ్. కొత్తగా వచ్చినవాళ్లు చేసేది ఒక్కటే, దొరికినవన్నీ ఒకదాని మీద ఒకటి వేసెయ్యడం. నేనూ అదే చేశాను.

మొదటి మిషన్‌లో బాఫర్డ్ అనే ప్రభువు భవంతిలోకి దూరి రాజదండం కొట్టెయ్యాలి. దొరికిన ప్రతి టెక్స్చర్ ప్యాకూ వేసి, కాంతి మెరుపులు పెంచే ఎఫెక్టు పెట్టి, అయినా చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ కూడా పెంచి లోపలికి దిగాను. కారిడార్లు పట్టపగల్లా ఉన్నాయి. గోడకి ఆనుకుని నిలబడ్డాను. గార్డు నా ముందు నుంచే నడిచి వెళ్లిపోయాడు, నన్ను చూడలేదు. వీడికి కళ్లు లేవా అని నవ్వుకున్నాను. ఇంకో చోట, నా కంటికి అంతే వెలుతురున్న మూలలో నిలబడితే ఇంకో గార్డు ఇరవై అడుగుల నుంచే పసిగట్టి కత్తి దూశాడు. అరగంటలో ఆట మీద కోపం వచ్చి ఆపేశాను. తప్పు ఆటది కాదు, నాది. అది అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

తెర కింద మధ్యలో చిన్న రత్నం ఒకటి ఉంటుంది. మీరెంత కనబడుతున్నారో అది చెబుతుంది. నల్లగా ఉంటే దాదాపు కనబడనట్టే, వెలుగుతుంటే దొరికిపోయినట్టే. ఆ రత్నం తెర మీది బొమ్మని చూసి లెక్క వేసుకోదు. మిషన్ తయారైనప్పుడే ప్రతి గోడ మీదా నేల మీదా ఎంత వెలుగు పడాలో ముందే లెక్కగట్టి భద్రపరిచిన కాంతి పటాలుంటాయి. గార్డులకీ, రత్నానికీ ఆ వెలుగే ప్రమాణం. బ్రైట్‌నెస్ పెంచితే మారేది మీ తెరే. గోడ మీద లేత రంగు కొత్త టెక్స్చర్ వేస్తే, చీకటి మూల మీ కంటికి వెలుతురుగా కనబడుతుంది, ఆట లెక్కలో మాత్రం చీకటిగానే ఉండిపోతుంది. కన్ను ఒకటి చెబుతుంటే రత్నం ఇంకోటి చెబుతుంది. అలాంటప్పుడు ఆడేవాడు గదిని చూడడం మానేసి రత్నాన్నే చూస్తూ కూర్చుంటాడు. అక్కడితో దొంగతనం అయిపోయి, మీటర్ రీడింగ్ మొదలవుతుంది.

అందుకే స్టెల్త్, అంటే ఎవరి కంటా పడకుండా నక్కి ఆడే ఆటకి మాడ్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది అందంగా ఉందా లేదా అని కాదు. నా కంటికి కనబడే చీకటి, ఆట లెక్కేసుకునే చీకటి ఇంకా ఒకటేనా? నా చెవికి వినబడే చప్పుడు, గార్డుకి వినబడే చప్పుడు ఒకటేనా? ఈ రెండూ కలిసి ఉంచేవి మంచి మాడ్‌లు. విడదీసేవి ఎంత గొప్పగా కనబడినా నాకొద్దు.

తప్పనిసరి మందు: న్యూడార్క్

థీఫ్‌ని తయారుచేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 2000 మే నెలలో మూతపడింది. థీఫ్ 2: ద మెటల్ ఏజ్ విడుదలై అప్పటికి రెండు నెలలే. ఆ తర్వాత పన్నెండేళ్లపాటు అభిమానులు ఆ ఆటల ఇంజిన్‌ని, అంటే ఆటని నడిపే అసలు ప్రోగ్రామ్‌ని, బయటి నుంచే అతుకులు వేసి నడిపించారు. ఆటని ఒకే కోర్‌కి కట్టేసే చిట్కా, తెర రిజల్యూషన్ పెంచే చిన్న ఫైళ్లు, అలాంటివి. 2012 సెప్టెంబరులో ఒక ఫ్రెంచి అభిమానుల గూటిలో ఎవరో పేరు చెప్పుకోకుండా ఒక ప్యాచ్ పెట్టి వెళ్లిపోయారు. వాడుకున్న మారుపేరు ‘ల కోర్బో’, అంటే కాకి. థీఫ్ 2కీ, అదే ఇంజిన్ మీద నడిచే సిస్టమ్ షాక్ 2కీ అది పనిచేసింది. అతుకు వేసింది ఇంజిన్ పైన కాదు, లోపల. డైరెక్ట్‌ఎక్స్ 9, 32 బిట్ రంగులు, వెడల్పు తెరలు, పెద్ద టెక్స్చర్లకి చోటు, ఎక్కువ కోర్‌లతో పేచీ లేకపోవడం, వీడియోలు సరిగ్గా నడవడం, ఇవన్నీ వచ్చాయి. దానికే న్యూడార్క్ అని పేరు పడింది. తర్వాతా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి.

న్యూడార్క్‌ని చేత్తో ఫైలు ఫైలుగా పెట్టుకోవచ్చు. అవసరం లేదు. మొదటి థీఫ్‌కి, దాని పెద్ద రూపం థీఫ్ గోల్డ్‌కి టీఫిక్స్ అనే ఇన్‌స్టాలర్ ఉంది. రెండో భాగానికి టీ2ఫిక్స్. ఇవి న్యూడార్క్‌ని పెట్టి, అసలు మిషన్లలో మిగిలిపోయిన తప్పుల్ని కూడా సరిచేస్తాయి.

థీఫ్‌లో ఇంక దేన్నైనా వద్దనుకోవచ్చు గానీ దీన్ని వద్దనుకోవడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు. ఇది కాంతి పటాల్ని పాడుచెయ్యదు, గార్డుల చెవుల్ని మార్చదు. అసలు ఆటని ఇప్పటి యంత్రం మీద నిలబెడుతుంది, అంతే. వెడల్పు తెర మీద పక్కల ఇంకాస్త కనబడుతుంది కదా, అది మోసం కాదా అంటారు కొందరు ఛాందసులు. రెండు వైపులా కాస్త గోడ ఎక్కువ కనబడినంత మాత్రాన ఎవరూ గొప్ప దొంగలైపోరు.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక్కసారి ఆట ఫోల్డర్‌లో ‘కామ్_మాడ్’ అనే ఐఎన్ఐ ఫైలు ఉందేమో చూడండి. ఉంటే మీ కాపీలో ఎవరో ఇప్పటికే న్యూడార్క్ పెట్టారన్నమాట. అప్పుడు అది ఏ వెర్షనో చూసుకుని ముందుకెళ్లండి.

శబ్దం సంగతి విడిగా

టెక్స్చర్ల గురించి మాట్లాడినంతగా శబ్దం గురించి ఎవరూ మాట్లాడరు. థీఫ్‌లో సగం ఆట చెవితోనే ఆడతాం. గార్డు ఎంత దూరంలో ఉన్నాడు, తలుపు అవతల ఉన్నాడా ఇవతల ఉన్నాడా, రాతి మీద నడుస్తున్నాడా చెక్క మీదా అన్నది విని తెలుసుకోవాలి. ఈ ఆటలో శబ్దం గోడల్లోంచి సూటిగా రాదు. గది నుంచి గదికి, తలుపుల గుండా తిరిగి వస్తుంది. మూల తిరిగాక ఉన్న గార్డు గొంతు ఆ మూల వైపు నుంచే వినబడుతుంది. మీ అడుగుల చప్పుడు వాడికి చేరేదీ ఆ దారినే.

దీనికి తోడు, అప్పట్లో ఈఏఎక్స్ (చోటుని బట్టి ప్రతిధ్వని పుట్టించే పద్ధతి) ఉన్న సౌండ్ కార్డు ఉంటే గుహల్లో ప్రతిధ్వని ఒక రకంగా, చిన్న గదిలో ఇంకో రకంగా ఉండేది. విండోస్ విస్టా నుంచి శబ్దాన్ని సౌండ్ కార్డు హార్డ్‌వేర్‌కి నేరుగా అప్పగించే ఆ పాత దారి మూసేశారు. దాంతో ఈఏఎక్స్ పోయింది. చాలామంది ఏళ్ల తరబడి ఆ ప్రతిధ్వనులు లేకుండానే థీఫ్ ఆడారు, పోయిందని కూడా వాళ్లకి తెలియదు. న్యూడార్క్ ఓపెన్‌ఏఎల్ అనే శబ్ద సాధనం ద్వారా దాన్ని వెనక్కి తెచ్చింది. ప్యాచ్ వేశాక ఆప్షన్లలో సౌండ్ పేజీకి వెళ్లి ఓపెన్‌ఏఎల్ ఎంచుకుందో లేదో చూసుకోండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పెద్ద టెక్స్చర్ ప్యాక్ ఏదీ ఇవ్వలేని తేడా ఈ ఒక్క సెట్టింగ్ ఇస్తుంది. దీనికి డిస్కులో చోటు కూడా అక్కర్లేదు.

టెక్స్చర్లు: ఇక్కడే తగాదా

న్యూడార్క్ వచ్చాక మాడ్‌లు వెయ్యడం తేలికైంది. అసలు ఫైళ్ల మీద కొత్తవి రాయక్కర్లేదు. మాడ్‌ని విడి ఫోల్డర్‌లో పెట్టి, ‘కామ్_మాడ్’ ఫైలులో దాని దారి రాస్తే చాలు. ఆ వరుసలో ముందు రాసినదానికి ప్రాధాన్యం. నచ్చకపోతే ఆ పేరు తీసేస్తే పాత రూపం వచ్చేస్తుంది. ఈ సదుపాయం వల్లే కాబోలు, చాలామంది ఆలోచించకుండా పది ప్యాకులు వరుసగా రాసేస్తారు.

టెక్స్చర్ ప్యాకుల్లో నాకు రెండు జాతులు కనబడతాయి. ఒకటి పాత బొమ్మనే దగ్గర పెట్టుకుని, అదే రంగు, అదే మసి, అదే పగుళ్లతో ఎక్కువ వివరంగా గీసినవి. ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్ ఈ జాతిది. గార్డుల ముఖాలు, తలుపులు, సామాన్లు మెరుగుపడతాయి గానీ గది గదిలాగే ఉంటుంది. రెండో జాతి ఫొటోల నుంచి తీసిన ఇటుకలు, మెరిసే పాలరాయి, లేత రాయి పెట్టి కొత్త ఆటలా చూపించాలనుకునేవి. స్క్రీన్‌షాట్‌లో ఇవే గెలుస్తాయి. ఆడేటప్పుడు ఇవే ఇబ్బంది పెడతాయి.

ఇబ్బంది వెలుతురుతోనే ఆగదు. నేల కూడా ఉంది. థీఫ్‌లో ఏ నేల మీద నడిస్తే ఎంత చప్పుడన్నది ప్రాణం. తివాచీ మీద పరుగెత్తినా ఫర్వాలేదు. టైల్స్ మీద, ఇనప జాలీ మీద నాలుగడుగులు గట్టిగా వేస్తే పక్క గది లేస్తుంది. అందుకే నాచు బాణం అనే విచిత్రమైన వస్తువుంది. నేల మీదికి కొడితే మెత్తటి నాచు పరుచుకుని అడుగుల చప్పుడు తగ్గుతుంది. ఏ టెక్స్చర్‌కి ఏ చప్పుడన్నది ఆటలో ముందే రాసి ఉంటుంది. మాడ్ చేసినాయన టైల్స్‌ని మట్టి రంగు రాయిలా గీశాడనుకోండి. కంటికి మెత్తగా కనబడి కాలు పెడితే ‘టక్’ మంటుంది. తలుపు దాటకముందే నేలని చూసి, ఎలా నడవాలో మనసులో అనుకోవడమే ఈ ఆటలో అసలు నేర్పు. ఆ నేర్పు ఇక పనికిరాదు.

కాబట్టి ఏ ప్యాక్ అయినా వేశాక నేను రెండు నిమిషాల పరీక్ష పెడతాను. ఒక దివిటీ పక్కన నిలబడి రత్నాన్ని చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తాను. రత్నం నల్లబడిన చోట ఆగి, రత్నాన్ని చేత్తో మూసి గోడని చూస్తాను. నేనున్న చోటు నా కంటికీ చీకటిగానే అనిపించాలి. తర్వాత కనబడిన ప్రతి రకం నేల మీదా కళ్లతో ముందు అంచనా వేసి, ఆ తర్వాత అడుగు వేస్తాను. మూడింటిలో రెండు అంచనాలు తప్పితే ఆ ప్యాక్ తీసేస్తాను. ఇప్పటివరకు నా దగ్గర నిలిచినవి మొదటి జాతివే.

ఏఐతో పెద్దవి చేసిన టెక్స్చర్లు మధ్యలో ఎక్కడో ఉంటాయి. పాత బొమ్మ నుంచే వచ్చాయి కాబట్టి రంగు దారి తప్పదు. కానీ 1998 నాటి చిన్న చిత్రంలో మసకగా వదిలేసిన చోటల్లా యంత్రం ఏదో ఒకటి ఊహించి నింపుతుంది. గోడ మీది మరక ఒక్కోసారి చేప పొలుసులా తేలుతుంది. చీకట్లో ఎవరు చూస్తారు అంటే, నిజమే. దివిటీ దగ్గర మాత్రం కంట్లో పడుతుంది.

బ్లూమ్ లాంటి కాంతి ఎఫెక్టులు న్యూడార్క్‌లోనే ఉన్నాయి, కావాలంటే పెట్టుకోవచ్చు. నా మాట అడిగితే ఆపేయండి. గామా (తెర వెలుతురు సెట్టింగ్) కూడా అసలు దగ్గరే వదిలేసి గదిలో దీపం ఆర్పేయండి.

కొత్త బొమ్మలు కాదు, కొత్త మిషన్లు

థీఫ్‌ని ఇప్పటికీ బతికించినవి టెక్స్చర్లు కావు, ఫ్యాన్ మిషన్లు. పాతికేళ్లలో అభిమానులు తయారుచేసినవి వెయ్యి దాటాయి. వీటిని ఎంచుకుని నడపడానికి న్యూడార్క్‌తో వచ్చే ఎఫ్‌ఎమ్‌సెల్ ఉంది, దానికంటే సుఖంగా ఉండే ఏంజెల్‌లోడర్ ఉంది. మిషన్ల జిప్ ఫైళ్లున్న ఫోల్డర్ చూపిస్తే చాలు.

వీటిలో రెండు పెద్ద ప్రయత్నాల్ని పోల్చాలి. 2005లో వచ్చిన థీఫ్ 2ఎక్స్: షాడోస్ ఆఫ్ ద మెటల్ ఏజ్ దాదాపు ఒక పూర్తి ఆట. కథానాయిక జాయా అనే కొత్తమ్మాయి, థీఫ్ 2 మీద నడుస్తుంది. 2023 నవంబరు 30న, మొదటి ఆటకి సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజున, ద బ్లాక్ పరేడ్ వచ్చింది. పది మిషన్లు, థీఫ్ గోల్డ్ మీద నడుస్తాయి, న్యూడార్క్ ఉండాలి. పాత ఇంజిన్‌లో ఇంత చెయ్యొచ్చా అనిపించేలా వాళ్లు వీధులు కట్టారు. వెలుతురూ నేలా బొమ్మలూ అన్నీ ఒకే బృందం ఒకే ఊహతో చేసింది కాబట్టి కన్నూ రత్నమూ ఎక్కడా విడిపోవు. హెచ్‌డీ ప్యాక్ కోసం ఆరాటపడేవాళ్లకి నేను మొదట చూపించేది ఇదే. మీకు కావలసింది పదునైన ఇటుకలా, లేక ఇప్పటివాళ్లు కట్టిన థీఫా? రెండోదైతే అది సిద్ధంగా ఉంది. అయితే తిన్నగా దానిలోకి దూకకండి. అసలు మిషన్లు కొన్ని ఆడి, తాడు బాణం, నీటి బాణం చేతికి అలవాటయ్యాక వెళ్లండి. కొత్తవాళ్లని ఉద్దేశించి కట్టింది కాదది.

ఫ్యాన్ మిషన్‌లకి టెక్స్చర్ ప్యాకులు కలిపితే కొన్నిసార్లు తగువే. మిషన్ చేసినవాళ్లు తమ సొంత టెక్స్చర్లు పెట్టుకుంటారు, మీ ప్యాక్ వాటి పక్కన వేరే రంగులో నిలబడుతుంది. ‘కామ్_మాడ్’లో ఫ్యాన్ మిషన్లనూ దాటి మీ మాడ్‌కే పైచేయి ఇచ్చే వరుస ఒకటి వేరుగా ఉంది. దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

ద డార్క్ మాడ్: థీఫ్ కాని థీఫ్

ఇంకో దారి, పాత ఆటని బాగుచెయ్యడం మానేసి, అదే పద్ధతిలో కొత్త ఇంజిన్ మీద కట్టినదాన్ని ఆడడం. ద డార్క్ మాడ్ 2009లో డూమ్ 3కి మాడ్‌గా వచ్చింది. 2011లో ఇడ్ సాఫ్ట్‌వేర్ డూమ్ 3 ఇంజిన్ సోర్స్ కోడ్‌ని విడుదల చేయడంతో, 2013లో 2.0 వెర్షన్ నుంచి ఇది సొంత కాళ్ల మీద నిలబడింది. డూమ్ 3 కొనక్కర్లేదు, ఆట ఉచితం, మిషన్లు ఆటలోంచే దించుకోవచ్చు.

నా గీటురాయి మీద ఇది చాలా బాగా నిలుస్తుంది. ఇక్కడి నీడలు అప్పటికప్పుడు పుట్టేవి. దీపం కదిలితే నీడ కదులుతుంది. ఇందులో వెలుగు రత్నం కూడా మీరున్న చోట పడే వెలుగుని ఇంజిన్‌తో గీయించి దాని నుంచే లెక్క వేసుకుంటుంది. అంటే కంటికి కనబడేదానికీ లెక్కకీ మధ్య దూరం తక్కువ. గార్డు చేతిలో దివిటీ పట్టుకుని మెట్లెక్కుతుంటే, కటకటాల నీడలు గోడ మీద తిరుగుతూ మీ వైపు రావడం పాత ఇంజిన్‌లో చూడలేరు.

మరి లోటేమిటి? థీఫ్ కథానాయకుడు గారెట్ లేడు. ఆ విసుగు గొంతు లేదు, థీఫ్ లోకపు వర్గాలైన కీపర్లు, హ్యామరైట్లు లేరు. హక్కుల చిక్కు వల్ల వాళ్ల పేర్లు వాడలేరు కాబట్టి అలాంటి లోకం ఇంకోటి కట్టుకున్నారు. ఒకే కథ చుట్టూ నడిచే పెద్ద ఆట కాదు, వేర్వేరు చేతులు చేసిన మిషన్ల గుంపు. ఒకటి అద్భుతం, పక్కది ఓ మోస్తరు. తాళం తియ్యడం కూడా ఇక్కడ వేరు, టిక్‌టిక్ శబ్దాల లయ విని సరైన క్షణంలో వదలాలి. నాకు నచ్చింది. నా స్నేహితుడొకడు మొదటి తాళం దగ్గరే ఆట మూసేశాడు.

థీఫ్ కథ తెలుసుకోవాలి, ఆ లోకం చూడాలి అనుకునేవాళ్లకి థీఫ్ గోల్డ్, టీఫిక్స్, ఇంకేమీ వద్దు. పాత గ్రాఫిక్స్ చూస్తే ఒళ్లు మండేవాళ్లు, కథ మీద పట్టింపు లేనివాళ్లు తిన్నగా ద డార్క్ మాడ్‌కి వెళ్లడమే మేలు. పాతదానికి హెచ్‌డీ పూతలు పూసి మధ్యలో ఎక్కడో ఇరుక్కోవడం కంటే అదే నయం. ఒకసారి పూర్తిచేసి మళ్లీ ఆడుతున్నవాళ్లు ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్ వేసుకోవచ్చు. వాళ్లకి ఏ గదిలో ఏ నేలో ముందే తెలుసు కాబట్టి ఇబ్బంది తక్కువ.

గోల్డ్ గురించి చిన్న మాట. 1999లో వచ్చిన ఈ రూపంలో మూడు మిషన్లు ఎక్కువ, మొత్తం పదిహేను. వాటిలో దొంగల ముఠా మిషన్ చిక్కుదారిలా సాగుతూనే ఉంటుంది. అక్కడ విసుగొస్తే అది మీ తప్పు కాదు, ఏ మాడ్ తప్పూ కాదు.

వేసేటప్పుడు

ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. అక్కడ రాయడానికి విండోస్ అడ్డుపడి, సగం ఫైళ్లు ఒకచోట సగం ఇంకోచోట చేరతాయి. డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చాలు. పాత కంపాటిబిలిటీ సెట్టింగులు, ఒకే కోర్‌కి కట్టే చిట్కాలు ఏవైనా మిగిలి ఉంటే తీసేయండి, న్యూడార్క్‌కి వాటితో పనిలేదు.

సేవ్‌ల సంగతి మాత్రం జాగ్రత్త. పాత వెర్షన్‌లో చేసిన సేవ్‌లు న్యూడార్క్‌లో పనిచెయ్యవు. నేను థీఫ్ 2లో బ్యాంకు దోపిడీ మిషన్ సగంలో ఉండగా, ఖజానా ముందు సేవ్ చేసుకుని, ‘ఐదు నిమిషాల పనే కదా’ అని ప్యాచ్ వేశాను. ఖజానా అక్కడే ఉండిపోయింది. ఏది మార్చినా మిషన్ పూర్తయ్యాకే మార్చండి, మార్చే ముందు ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పక్కన పెట్టుకోండి. ఒకసారికి ఒక్క మాడే వెయ్యండి. ఐదు వేశాక క్రాష్ అయితే ఏది కారణమో వెతకడానికి దొంగకి ఉండేంత ఓపిక కావాలి.

పక్క ఆటల్లో ఇదే లెక్క

మూడో భాగం థీఫ్: డెడ్లీ షాడోస్ 2004లో అయాన్ స్టార్మ్ చేసింది. ఇంజిన్ వేరు కాబట్టి న్యూడార్క్ దీనికి పనికిరాదు. ఎక్స్‌బాక్స్ జ్ఞాపకశక్తికి సరిపెట్టడానికి మిషన్లని ముక్కలు చేసి మధ్యలో లోడింగ్ తెరలు పెట్టారు. దీనికి స్నీకీ అప్‌గ్రేడ్ అనే ఇన్‌స్టాలర్ ఉంది. వెడల్పు తెర సరిచేస్తుంది, మిషన్లలో ఆ ముక్కల్ని కలుపుతుంది. ముక్కలు కలపడం వల్ల ఆట నిజంగానే మారుతుంది. ఇదివరకు గార్డు వెంటపడితే నీలి పొగమంచు దాటి లోడింగ్ తెరలోకి పారిపోతే సరిపోయేది. ఇప్పుడు వాడు వెనకే వస్తాడు. ఇది నా గీటురాయికి విరుద్ధం కాదు, ఆట చెప్పాలనుకున్నదే ఇప్పుడు సరిగ్గా చెబుతోంది. ఈత లేకపోవడం, తాడు బాణం బదులు గోడలెక్కే చేతి తొడుగులు ఇవ్వడం లాంటివి ఏ ప్యాచూ బాగుచెయ్యదు.

స్ప్లింటర్ సెల్ మొదటి ఆట (2002), దాని తర్వాతి పండోరా టుమారో (2004) కష్టం ఇంకో రకం. ఆనాటి కొన్ని ఎన్‌విడియా కార్డులకే ఉన్న నీడల పద్ధతి మీద వాటిని కట్టారు. ఇప్పటి కార్డుల మీద ఆ నీడలు సరిగ్గా పడవు, కొన్ని అసలు కనబడవు. తెర మీద మూల వెలుతురుగా ఉంటుంది, మీటరేమో చీకటి అంటుంది. నేను చేతులారా మాడ్‌లతో థీఫ్‌కి చేసిన పాడు ఇక్కడ దానంతటదే జరుగుతుంది. అందుకే వీటిలో మొదట వెయ్యవలసింది టెక్స్చర్లూ కాదు, వెడల్పు తెర ప్యాచూ కాదు, డీజీవూడూ2. పాత డైరెక్ట్‌ఎక్స్ ఆజ్ఞల్ని డైరెక్ట్‌ఎక్స్ 11కి తర్జుమా చేసే చిన్న సాధనం అది. దానితో నీడలు తిరిగొస్తాయి. వెడల్పు తెర ప్యాచ్ ఆ తర్వాత. 2005 నాటి మూడో ఆట కేయాస్ థియరీకి ఇంత అవస్థ లేదు. మొదటిసారి ఆడేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టినా నేను తప్పు పట్టను.

డ్యూస్ ఎక్స్ (2000)ని పూర్తి స్టెల్త్ ఆట అనలేం గానీ, దొంగచాటుగా ఆడేవాళ్లే ఎక్కువ. ఇప్పటి వేగానికి ఫ్రేములు అదుపు తప్పితే ఆటే వేగంగా పరుగెడుతుంది. ఫ్రేములకి హద్దు పెట్టే కెంటీ లాంచర్‌తో అది సర్దుకుంటుంది. ఆపైన రెండు పెద్ద మాడ్‌ల మధ్య ఎంపిక. 2015లో వచ్చిన రివిజన్ భవనాలు, వీధులు, సంగీతం కూడా మార్చింది. జీఎమ్‌డీఎక్స్ స్థలాల్ని దాదాపు అలాగే ఉంచి శత్రువుల బుద్ధిని, నైపుణ్యాల లెక్కల్ని పదును పెట్టింది. స్టీమ్‌లో ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది కాబట్టి కొత్తవాళ్లు రివిజన్ వైపే వెళ్తారు. నేను వద్దంటాను. మొదటి మిషన్ జరిగే లిబర్టీ ఐలాండ్‌లో విగ్రహం వెనక నుంచి ఎక్కొచ్చా, ముందు తలుపేనా, రోబో ఎటు తిరుగుతుంది అని అసలు పటం మీద ఒకసారి వెతుక్కున్నాక, అదే చోటు మారి కనబడితే సరదాగా ఉంటుంది. మొదటిసారే మారిన పటం చూస్తే, ఏది ఎందుకు మార్చారో తెలిసే దారి లేదు. మొదటిసారి లాంచర్ ఒక్కటే, రెండోసారి జీఎమ్‌డీఎక్స్. మూడోసారి కూడా ఆడాలనిపిస్తే అప్పుడు రివిజన్.